ఫైలు చెరిపే ఆర్‌ఎం కమాండ్ కొట్టగానే టెర్మినల్ బిగుసుకుపోతోంది, ఎవరైనా చెప్పండి

పానగల్లు పోరడు: సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ. ప్రాజెక్టుకని లైనక్స్‌లో చిన్న ఫైల్ సిస్టమ్ రాస్తున్నా. టచ్ కమాండ్ కొడితే కొత్త ఫైలు వస్తుంది, రీడ్, రైట్ బాగున్నాయి. ఆర్‌ఎం కొడితే మాత్రం అక్కడే ఆగుతుంది. బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టినా చావదు. రేపు నల్లగొండ పోయి సార్‌కు చూపించాలి. టెన్షన్‌గా ఉంది.

దేవరకొండ: కోడ్ ఏది?

పాలమూరు పెద్దన్న: తమ్మీ, సొంత ల్యాప్‌టాప్ మీద నడుపుతున్నావా ఏంది? కర్నెల్ (లైనక్స్ గుండెకాయ) కోడ్ వర్చువల్ మిషన్‌లోనే (కంప్యూటర్ లోపలి ఉత్తుత్తి కంప్యూటర్) ఆడించాలి. నేనొకసారి డిస్కు మొత్తం పోగొట్టుకున్నా. పెళ్లి ఫొటోలు కూడా అందులోనే.

పానగల్లు పోరడు: వర్చువల్ మిషనే అన్నా. కోడ్ చాలా ఉంది. ఆర్‌ఎం కొడితే నడిచే అన్‌లింక్‌లో ఏం లేదు, ఫోల్డర్‌లోంచి ఫైలు ఎంట్రీ తీసే నా ఫంక్షన్‌ను పిలుస్తా, అంతే. ఆర్‌ఎం ఆగినంక ఆ ఫోల్డర్‌లో ఫైళ్ల లిస్టు చూపే ఎల్‌ఎస్ కూడా ఆగుతుంది.

దేవరకొండ: ఆ ఫంక్షన్ ఏదైనా లాక్ (ఒకరు పని చేస్తుంటే ఇంకొకరిని ఆపే తాళం) పట్టుకుంటుందా?

పానగల్లు పోరడు: డైరెక్టరీ ఐనోడ్ లాక్, అంటే ఆ ఫోల్డర్ రికార్డు మీది తాళం. పట్టకపోతే ఎట్ల? అది కూడా చెప్పాల్నా?

దేవరకొండ: అదే చెప్పాలి. వీఎఫ్‌ఎస్ (ఫైల్ సిస్టమ్‌లను పిలిచే కర్నెల్ భాగం) ముందే ఆ లాక్ పట్టుకుని నీ అన్‌లింక్‌ను పిలుస్తుంది. నువ్వు మళ్లీ అడుగుతున్నావు. టచ్‌లో అడగలేదు, బతికిపోయావు.

మిర్యాలగూడ: ఒక్క ప్రాసెసే ఉంటే డెడ్‌లాక్ (లాక్ కోసం చూస్తూ ఎప్పటికీ ఇరుక్కోవడం) అనరు. ఇద్దరుండాలి.

పాలమూరు పెద్దన్న: ఎందుకనరు? తాళంచెవి బొడ్లో పెట్టుకుని తలుపు ముందు కూర్చున్నాడు. సెల్ఫ్ డెడ్‌లాక్.

పానగల్లు పోరడు: జావాలో ఒకే థ్రెడ్ రెండుసార్లు పట్టొచ్చు కదా?

పాలమూరు పెద్దన్న: జావా ఎన్నిసార్లు పట్టావో లెక్కపెట్టుకుంటుంది. ఇక్కడ ఆ లెక్క లేదు. 2016లో 4.7 కర్నెల్‌కు ముందు ఈ లాక్ మ్యూటెక్స్ (ఒక్కరే పట్టేది), ఇప్పుడు రీడ్‌రైట్ సెమఫోర్ (చదివేవాళ్లు ఎందరైనా, రాసేవాడు ఒక్కడే పట్టేది). అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

దేవరకొండ: లాక్ తీసెయ్.

పానగల్లు పోరడు: ఐఓకంట్రోల్ (ప్రోగ్రాం నా ఫైల్ సిస్టమ్‌కు ప్రత్యేక ఆదేశం ఇచ్చే దారి) నుంచి కూడా అదే ఫంక్షన్‌ను పిలుస్తున్నా. అక్కడ ఎవరూ పట్టరు.

దేవరకొండ: ఇప్పుడా చెప్పేది? రెండు ముక్కలు చెయ్. లోపలిదానికి పేరు ముందు రెండు అండర్‌స్కోర్లు పెట్టు, అది లాక్ పట్టదు. మొదటి లైన్లో లాక్‌డెప్ అసర్ట్ (లాక్ ఇప్పటికే పట్టారా అని చూసే పరీక్ష) పెట్టు. బయటిది లాక్ పట్టి, దాన్ని పిలిచి, వదులుతుంది. అన్‌లింక్‌కు లోపలిది, ఐఓకంట్రోల్‌కు బయటిది.

పాలమూరు పెద్దన్న: కాన్ఫిగ్‌లో ప్రూవ్ లాకింగ్ (లాక్ తప్పులు పట్టే సెట్టింగ్) ఆన్ చేసుంటే కర్నెల్ లాగ్‌లో పడే అవకాశం ఉండేది. ఎవరూ ఆన్ చెయ్యరు.

పానగల్లు పోరడు: ఆర్‌ఎం అయింది, థాంక్స్. ఇప్పుడు ఫైలు పేరు, చోటు మార్చే ఎంవీ ఆగుతుంది. వేరే ఫోల్డర్‌కైతే పోతుంది, అదే ఫోల్డర్‌లో పేరు మారిస్తే ఆగుతుంది. పాత డైరెక్టరీకి, కొత్త డైరెక్టరీకి నా సొంత మ్యూటెక్స్‌లు రెండూ పట్టా.

దేవరకొండ: ఆ రెండు డైరెక్టరీలూ ఒకటే అయితే?

పానగల్లు పోరడు: అయ్యో.

మిర్యాలగూడ: అయినా దాన్ని డెడ్‌లాక్ అనరు.