రేంజ్‌ఫైండర్ కెమెరా వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) అంకెలు కావాలా, రెండు బాణాలు చాలవా?

పాతరీలు:
1984 నాటి లైకా ఎం6 వ్యూఫైండర్‌లో అడుగున రెండు ఎర్ర బాణాలు ఉంటాయి. రెండూ సమానంగా వెలిగితే ఎక్స్‌పోజర్ సరిపోయినట్టే, అంటే ఫొటోకు పడే వెలుతురు సరిగ్గా ఉన్నట్టు. అంతకు మించి కంటికి ఏదీ అడ్డు రాదు. అదే డిజిటల్ ఎం10లో వేగాన్ని ఆటోకు వదిలేస్తే షట్టర్ వేగం ఎర్ర అంకెల్లో వెలుగుతుంది. ఎదుటి మనిషి ముఖం చూడాల్సిన చోట అంకెలు చదవడం ఎందుకు? ఈ విషయంలో ఫిల్మ్ కెమెరాదే పైచేయి అంటాను.

మేళతాళం:
నేను పెళ్లిళ్లకు ఫొటోలు తీసి బతుకుతున్నాను. తలంబ్రాల సమయంలో ఎవరి చేతులూ ఆగవు. వేగం 1/30కి పడిపోయిందని నాకు ఆ క్షణంలోనే తెలియాలి. బాణాలు ఆ మాట చెప్పవు, కన్ను తీసి డయల్ చూసుకోవాలి. పైగా ఎం6లో, ఫొటోలో ఎంతవరకు పడుతుందో చూపే ఫ్రేమ్ గీతలు బయటి వెలుతురు మీద ఆధారపడతాయి. దీపాలు తగ్గిన మండపంలో అవి మసకబారిపోతాయి. 2012లో ప్రకటించిన డిజిటల్ ఎం టైప్ 240లో గీతలను ఎల్‌ఈడీ వెలిగిస్తుంది, చీకట్లోనూ కనిపిస్తాయి.

పాతరీలు:
బ్యాటరీ అయిపోతే ఆ గీతలూ పోతాయి కదా! ఎం6లో బ్యాటరీ తీసేస్తే మీటరు ఒక్కటే ఆగుతుంది. గీతలు ఉంటాయి, షట్టర్ అన్ని వేగాల్లోనూ పనిచేస్తుంది. దీనికి సమాధానం చెప్పండి.

మేళతాళం:
డిజిటల్‌లో బ్యాటరీ అయిపోతే ఫొటోయే రాదు. ఇక గీతలు ఉండి ఏం లాభం?

పాతరీలు:
నేను అడిగింది గీతల గురించి.

కళ్లద్దాలు:
దృశ్యాన్ని 0.72 వంతుకు తగ్గించి చూపే ఫైండర్‌లో, ఎక్కువ వెడల్పు పట్టే 28 ఎం.ఎం. లెన్స్ గీతలు అద్దాలు పెట్టుకున్న నాకు పూర్తిగా కనిపించవు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

కొత్తచూపు:
ఎం10లో వేగం మీరే పెట్టుకుంటే బాణాలూ మధ్యలో చుక్కా వస్తాయి, 1998 నాటి ఎం6 టీటీఎల్‌లో ఉన్నట్టే. మరోవైపు 2002లో వచ్చిన ఎం7 ఫిల్మ్ కెమెరానే, దానిలో అంకెలున్నాయి. కాబట్టి మీ గొడవ ఫిల్మ్‌కూ డిజిటల్‌కూ మధ్య కాదు.
కళ్లద్దాలు గారూ, టీటీఎల్‌లో 0.58 ఫైండర్ రకం దొరుకుతుందేమో చూడండి.

మేళతాళం:
ఇక్కడ ఎం6ను దేవుణ్ణి చేశారు కాబట్టి చెబుతున్నాను. ఒక దుకాణంలో పాత ఎం6 కొన్నాను. ఎదురు వెలుతురు పడితే దాని వ్యూఫైండర్ మధ్యలో ఫోకస్ కుదిరిందో లేదో చూపే ఫోకస్ ప్యాచ్ తెల్లబారి మాయమయ్యేది. ఎం6లకు ఇది తెలిసిన లోపమే, 2003లో వచ్చిన లైకా ఎంపీ మోడల్‌లో సరిదిద్దారు. అమ్మినవారు ఆ ముక్క చెప్పలేదు. ఆ కెమెరాతో తీసిన అప్పగింతల ఫొటోలు మసకగా వచ్చాయి. పెళ్లివారు మిగిలిన డబ్బు ఇవ్వలేదు.

పాతరీలు:
ప్యాచ్ తెల్లబడితే కన్ను కాస్త పక్కకు జరపాలి. అది తెలియకపోతే కెమెరాను నిందిస్తారా?

మేళతాళం:
పెళ్లికూతురు ఏడుస్తూ కారెక్కుతుంటే కన్ను జరుపుకుంటూ నిలబడమంటారా? మీరు ఆదివారం గట్టు మీద మీ కోసం తీసుకుంటారు. ఫొటో పోతే వచ్చే వారం మళ్లీ వెళతారు. నాకు ఆ వీలు లేదు, అడిగేవాళ్లుంటారు.

పాతరీలు:
నా కోసమే తీస్తాను, నిజమే. కానీ నేను కొందరు పిల్లలకు నేర్పుతాను కూడా. ఆటోలో పెట్టి, అంకె చూసి నొక్కేస్తారు. అరుగు మీది ఎండకూ వసారాలోని నీడకూ ఎన్ని స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) తేడా అంటే నోరు పెగలదు. నా బాధ అది. పొట్టకూటికి తీసేవారికి అంకెలు అవసరమే, ఒప్పుకుంటాను. నేర్చుకునేవారి మొదటి కెమెరాలో మాత్రం వద్దు.

మేళతాళం:
అక్కడా ఒప్పుకోను. నాకు నేర్పినవారు ఎవరూ లేరు. ఏ వేగంలో నా చెయ్యి వణికిందో ఆ అంకెలు కంటి ముందు ఉండబట్టే తెలిసింది. మీ దగ్గరికి వచ్చే పిల్లలకు మీరున్నారు.