సమస్య: మిత్రులే కాల్చిచంపిరి మేలుకొఱకు

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం. పూరణ మెల్విల్ 1969లో తీసిన ఫ్రెంచి సినిమా ‘లార్మే దెజోంబ్ర్’ మీదే ఉండాలి. చూడనివాళ్లకి రెండు ముక్కలు: జర్మన్లు ఆక్రమించిన ఫ్రాన్సులో రహస్య దళానికి మతీల్ద్ కుడిభుజం (సిమోన్ సిన్యొరే వేసింది), జర్మన్ నర్సు వేషం కట్టి అంబులెన్సులో గెస్టపో (నాజీల రహస్య పోలీసు) చెరలోకే వెళ్లిన మనిషి, కాల్చేసే చోటునుంచి దళాన్ని నడిపే జెర్బియేని తాడేసి లాగించింది కూడా ఆవిడే. అలాంటావిణ్ణి చివరికి ఎవరు చంపారో పాదంలోనే ఉంది.

గోదారిగట్టు:
కూతు ఫోటోను సంచిలో గుట్టుగాను
దాచుకొన్నట్టి తల్లిని దండువారు
పట్టి బెదిరింప, పేర్లేవి బయటపడక
మిత్రులే కాల్చిచంపిరి మేలుకొఱకు.

నిర్వాహకుడు: ‘ఫోటో’ని పద్యంలో భలే ఇమిడ్చారండీ. జెర్బియే ఆ ఫోటో పారెయ్యమన్నాడు, ఆవిడ పారెయ్యలేదు, కథంతా అక్కడే ఉంది. ‘దండువారు’ పేలవం.

పాతసినిమాపిచ్చి: నేను ‘కాల్చి’ని విరిచేశా, కాల్చింది లేఖల్ని!
గుట్టు తెలిపెడి లేఖలు కొన్ని యుండ,
తుండుగుడ్డతో ద్రోహిని తుదకు పట్టి
ఉరిగ బిగియించి, సడి లేక యూపిరాగ
మిత్రులే కాల్చి, చంపిరి మేలుకొఱకు.

గోదారిగట్టు: అన్వయం బలవంతం మాస్టారూ, లేఖలు ఎక్కడో, కాల్చడం ఎక్కడో! సినిమాలో ద్రోహిని చంపే చోట లేఖలూ లేవు. తుండుగుడ్డ మాత్రం నిజమే, మార్సెయ్‌లో పక్కింట్లోకి జనం దిగారని, తుపాకీ పేలిస్తే వినపడుతుందని, దళాన్ని పట్టిచ్చిన కుర్రాణ్ణి అలా చంపుతారు. ఆ సీన్‌కి నేను టీవీ ఆపేసి కాసేపు బయట తిరిగొచ్చా.

తేటతెలుగు:
వీధి నడువంగ కారాగె, విస్తుపోక
చూచి నిలిచెను మాతిల్ద, చోటు విడక;
తనదు చావున పాపాయి దక్కు ననుచు
మిత్రులే కాల్చిచంపిరి మేలుకొఱకు.

నిర్వాహకుడు: యతులు శుభ్రం. రెండు పేచీలు. గణం కోసం మతీల్ద్‌ని మాతిల్ద చేశారు. రెండోది, ‘అనుచు’కి కర్త ఎవరు? ఆవిడా, మిత్రులా?

తేటతెలుగు: అదే నాకూ తేలలేదండీ. ఆవిణ్ణి పట్టుకున్న జర్మన్లు పేర్లు చెప్తావా, కూతుర్ని పోలండులో సైనికుల వేశ్యాగృహానికి పంపమంటావా అని బెదిరించి వదిలేశారు కదా. ఆవిడే చావు కోరుకుంటోందని దళానికి పెద్ద జార్దీ వాదిస్తాడు. ఒప్పించడానికే అన్నాడో నమ్మే అన్నాడో గానీ, తను కూడా కారెక్కుతాడు. ఆవిడ చూపు నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశా, గుర్తుపట్టిందని తెలుస్తుంది, ఒప్పుకుందో లేదో తెలీదు. ‘అనుచు’ అలాగే ఉంచేస్తున్నా.

గోదారిగట్టు: చంపిన నలుగురూ ఏడాది తిరక్కుండానే పోయారని చివర్లో అక్షరాల్లో వేస్తారు, అది ఎవరూ వాడలేదేం?

నిర్వాహకుడు: నాలుగు పాదాల్లో ఎన్ని చావులు పడతాయి! ‘అనుచు’ ఉంచండి, పేరు మాత్రం ‘చూచి నిలిచె మతీల్దమ్మ’ చెయ్యండి, గణమూ సరిపోతుంది, దీర్ఘమూ పోతుంది, ఆవిడ తల్లి కూడానూ.