అప్‌డేట్: నెల్లూరు–ఒంగోలు దారిలో, కదిలే కారులోంచి తీసిన ఫొటోలు

కారులోంచి తీసే ఫొటోలన్నీ చెదిరిపోతున్నాయనీ, కిటికీ అద్దంలో నా తెల్లచొక్కా ప్రతిబింబమే పడుతోందనీ ఇదివరకు అడిగాను. మీ సలహాలతో మొన్న తెల్లవారుజామున మా బావగారు కారు నడుపుతుండగా నెల్లూరు నుంచి ఒంగోలు దాకా మళ్లీ ప్రయత్నించాను.

అసలు తప్పు షట్టర్ వేగంలో, అంటే కెమెరా వెలుతురును లోపలికి తీసుకునే వ్యవధిలో ఉంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 22 మీటర్లు కదులుతుంది కాబట్టి, నేను వాడిన 1/125 సెకనులోనే అది 18 సెంటీమీటర్లు జరిగిపోతుంది. 1/2000కు మార్చితే ఆ జరుగుడు సెంటీమీటరుకు కాస్త పైన ఆగుతుంది. అంత తక్కువ సమయంలో వెలుతురు చాలదు కాబట్టి ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచక తప్పలేదు, బొమ్మలో కొంత గరుకు వచ్చింది, అయినా నాకు అది సమ్మతమే. ముదురు రంగు చొక్కా వేసుకుని, పాత గొడుగు నల్లగుడ్డను లెన్సు చుట్టూ కప్పి, అదురు సోకకుండా అద్దానికి వేలెడు దూరంలో ఉంచితే ప్రతిబింబం పూర్తిగా పోయింది.

ఉత్తరానికి వెళ్లేటప్పుడు పొద్దుటి ఎండ కుడివైపు నుంచి వస్తుంది కనుక, వెలుగు మన వెనుక నుంచి దృశ్యంపై పడేలా ఎడమవైపు కూర్చోమన్న సలహా అన్నిటికన్నా విలువైనది. కావలి దాటాక నీళ్లు నిండిన మడిలో ఒంటికాలిపై నిలిచిన కొంగ, దాని ముక్కు చివరి నీటిచుక్కతో సహా, స్పష్టంగా వచ్చింది. రోడ్డంచు తుమ్మకొమ్మలు మాత్రం ఇప్పటికీ గీతలుగానే పడుతున్నాయి. దగ్గరి వస్తువులను వదిలి దూరపు తాటితోపులపైనే దృష్టి పెడుతున్నాను.

ఫోనులో మాత్రం కరెంటు స్తంభాలు పక్కకు వాలినట్టు వస్తున్నాయి. వెలుతురును పట్టే ఫోను సెన్సర్ బొమ్మను వరుసలు వరుసలుగా చదివేలోపే కారు కదిలిపోవడమే కారణమని తెలిసింది కాబట్టి, స్తంభాలుండే చోట కెమెరానే వాడుతున్నాను.