దేవుడి మీద నమ్మకం పోయినవాడు ప్రభ మోయొచ్చా?

కౌశిక_ఒడ్డు:

అందరికీ నమస్కారం అండి. చాలా రోజుల నుంచి లోపల తిరుగుతున్న విషయం ఇది. ఇంట్లో ఎవరితోనూ అనలేక ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

మాది కోనసీమ. జగ్గన్నతోటకి ప్రభలు వెళ్ళే పదకొండు ఊళ్ళలో మాదొకటి. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, కనుమ రోజున మొసలపల్లి దగ్గరున్న ఆ కొబ్బరితోటలోకి పదకొండు ఊళ్ళ శివుళ్ళు ప్రభల మీద వస్తారు. అక్కడ గుడంటూ ఏమీ ఉండదు, చెట్ల కిందే తీర్థం. 2023 రిపబ్లిక్ డే పెరేడ్‌లో మన రాష్ట్ర శకటం మీద చూపించింది ఈ ప్రభలనే. వెదురు బద్దలు వంచి, రంగు గుడ్డలు చుట్టి, గంటలు, వరి కంకులు కట్టి ఎత్తుతారు, ఇక అక్కడి నుంచి చేలకి అడ్డంపడి, కాలవలో దిగి భుజాల మీదే తీసుకెళ్ళాలి.

మా నాన్న ఇరవై రెండో ఏట నుంచి మా ఊరి ప్రభకి భుజం పట్టారు. పండగ వెళ్ళాక వారం రోజులు ఆ కుడి భుజం కమిలి నల్లగా ఉండేది, అమ్మ ఆముదం వెచ్చబెట్టి రాస్తుంటే నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి. మొన్న వేసవిలో ఆయనకి మోకాలి ఆపరేషన్ అయింది. పోయిన వారం ఫోన్ చేసి "ఈ ఏడు నువ్వు పట్టాలిరా" అన్నారు. సరే నాన్నా అనేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నాకు నమ్మకం లేదండి. 2015 పుష్కరాలు మొదటి రోజు, జులై 14, మామ్మని తీసుకుని అమ్మా నేనూ రాజమండ్రి బయల్దేరాం. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. దారిలో ట్రాఫిక్‌లో మా బస్సు గంటన్నర కదల్లేదు. మేము వెళ్ళేసరికి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట అయిపోయింది, 27 మంది పోయారు. మమ్మల్ని దూరంగానే ఆపేశారు. అక్కడ ఒకావిడ, మా అమ్మ వయసే ఉంటుంది, ఖాళీ ఇత్తడి చెంబు పట్టుకుని ఎవరినో పేరు పెట్టి పిలుస్తూ అటూ ఇటూ తిరుగుతోంది. మా మామ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి "దేవుడే మన బస్సు ఆపాడు" అంది. మరి ఆవిడ బస్సు ఎందుకు ఆపలేదని అడిగాను. నోర్ముయ్ అంది అమ్మ. ఆ ప్రశ్నకి ఇప్పటిదాకా నాకు జవాబు దొరకలేదు, వెతుకుతూ వెతుకుతూ ఉంటే మిగతా నమ్మకం కూడా ఒక్కొక్కటే జారిపోయింది.

ఇప్పుడు నా ప్రశ్న. నమ్మకం లేకుండా ప్రభ కింద నిలబడటం మా నాన్నని మోసం చేసినట్టా? హైదరాబాద్‌లో నా ఆఫీసులో సగం మంది నాలాగే ఉన్నారు, స్టేటస్‌లో పూజ ఫోటో పెడతారు, విడిగా అడిగితే "ఇంట్లోవాళ్ళ కోసం" అంటారు. నిజంగానే జనంలో నమ్మకం తగ్గిపోతోందా, లేక ఎప్పుడూ ఇంతేనా, ఎవరూ పైకి చెప్పుకోలేదా?

రిటైర్డ్_లెక్చరర్_కాకినాడ:

బాబూ, నేను నాస్తికుణ్ణి, యాభై ఏళ్ళ పైమాటే. నీ రెండో ప్రశ్నకి ముందు చెప్తాను. అంకెలు చూస్తే మన దేశంలో నమ్మకం తగ్గిందనడానికి ఏమీ లేదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2021లో ఇచ్చిన నివేదికలో దేవుణ్ణి నమ్ముతున్నామన్నవాళ్ళు నూటికి 97 మంది. 2011 జనాభా లెక్కల్లో మతం ఏమిటో చెప్పనివాళ్ళు దేశం మొత్తానికి 28.7 లక్షలు, అంటే వెయ్యికి ముగ్గురు కూడా లేరు, వాళ్ళందరూ నాస్తికులని కూడా అనుకోవడానికి లేదు.

కానీ మారింది వేరే ఉంది. నా చిన్నప్పుడు మశూచి వస్తే అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి కూర్చునేవారు. 1975 తర్వాత ఆ జబ్బే దేశంలో లేదు, ఏ అమ్మవారికీ కోపం రాలేదు. మన డెల్టానే తీసుకో, ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే ఇక్కడ కరువు భయం పోయింది. గోదాట్లో స్నానం చేస్తూ సంకల్పంలో కాటన్ దొరని భగీరథుడని తలచుకునే శ్లోకం ఒకటి ఉంది, తెలుసా? నీళ్ళు తెచ్చిన ఇంజినీరుని మనవాళ్ళు పురాణంలోకి ఎక్కించుకున్నారు. వాన, రోగం, పాము కాటు, పురుడు, ఒకప్పుడు ఇవన్నీ దేవుడి పనులు. ఒక్కొక్కటే ఆయన చేతిలోంచి వచ్చేశాయి. జనం నోటితో 97 అంటారు గానీ జ్వరం వస్తే ముందు పరిగెత్తేది రక్త పరీక్షకే.

ఇక నీ భుజం సంగతి. గోరా గారి పేరు వినే ఉంటావు, గోపరాజు రామచంద్రరావు. మా కాకినాడ పి.ఆర్. కాలేజీలోనే బోటనీ చెప్పేవారు. నాస్తికత్వం దాచుకోనందుకు 1933లో ఆ ఉద్యోగం పోయింది. అంతకుముందు జంధ్యం వద్దన్నందుకు ఇంటికీ కులానికీ దూరమయ్యారు. తర్వాత 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంటరానితనం పోవాలని ఊళ్ళలో పనిచేశారు, గాంధీ గారితో కూర్చుని వాదించారు. కూతురు పెళ్ళి 1948లో సేవాగ్రామ్‌లో దేవుడి పేరు లేకుండా జరిగింది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఆయన జనాన్ని వదిలి పోలేదు, అబద్ధాన్ని ఒక్కదాన్నే వదిలారు. నువ్వు ఉద్యోగం పోగొట్టుకోనక్కర్లేదు. నాన్నకి ఒక్క ఫోన్ చేసి నిజం చెప్పు. చెప్పాక మోస్తే అది ఊరి పని. చెప్పకుండా మోస్తే ప్రతి కనుమకీ ఇదే రాత్రి నీకు మళ్ళీ వస్తుంది.

మొవ్వ_కొబ్బరి:

నేను పదేళ్ళుగా మోస్తున్నా. పక్కవాడు నమ్మి మోస్తున్నాడా లేదా అని ఒక్కసారి కూడా చూళ్ళేదు. అడుగు కలుస్తోందా లేదా అదొక్కటే చూస్తాం. కాలవలో దిగాక కింద బురద కాలు పట్టేస్తుంది, పైన బరువు ఊగుతుంది, ఒక్కడు భుజం తీసేస్తే ఆ బరువు మిగతా వాళ్ళ మెడల మీద పడుద్ది. వస్తే గట్టిగా రా, సగం మనసుతో మాత్రం రావద్దు.

ఆత్రేయపురం_ఆడపడుచు:

తమ్ముడూ, నమ్మకం తగ్గుతోందా అని అడిగావు, శనివారం ఒక్కసారి వాడపల్లి వెంకన్న గుడికి వచ్చి చూడు. ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు. తెల్లారకుండానే కార్లు గట్టు పొడుగునా ఆగిపోయి ఉంటాయి. నా చిన్నప్పుడు ఇక్కడ ఇంత జనం లేరు. కాబట్టి మాస్టారి మాట సగమే ఒప్పుకుంటాను.

ఆ సగం కూడా బాధతోనే ఒప్పుకుంటున్నాను, నేను నమ్మేదాన్ని కాబట్టి. మొన్న క్యూలో నా ముందు నిలబడ్డ ఇద్దరు పిల్లలు ఆరో వారం అయిందని చెప్పుకుంటున్నారు, వీసా స్లాట్ వచ్చేసింది కదా ఇక ఏడో వారం రావాలా అని ఒకడు రెండోవాణ్ణి అడుగుతున్నాడు. నాకు మనసు చివుక్కుమంది. నమ్మకం తగ్గలేదు తమ్ముడూ, సన్నబడిపోయింది. పని ఉంటే వస్తున్నారు, పని అయితే పోతున్నారు. నీలాగా నిద్ర మానుకుని ఆలోచించేవాడే వాళ్ళకంటే దేవుడికి దగ్గర అనిపిస్తుంది నాకు, నువ్వు ఒప్పుకోకపోయినా.

పుష్కరాల సంగతి చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా పుట్టిల్లు కాట్రేనికోన వైపు. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి ఊరంతా వెళ్ళి స్కూలు డాబాలో తలదాచుకున్నాం, నాకు తొమ్మిదేళ్ళు. తెల్లారి తలుపు తీస్తే కొబ్బరిచెట్టన్నది నిలబడి లేదు, తోటంతా ఒకే దిక్కుకి పడుకుని ఉంది. కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు, మా పెదనాన్న కూడా వాళ్ళలో ఒకరు. మా అమ్మ ఆ రోజు దేవుడు కాపాడాడు అనలేదు, ఇప్పటికీ అనదు. అయినా ఆ సాయంత్రం తడిసిన అగ్గిపెట్టె పొయ్యి దగ్గర ఆరబెట్టి మరీ దీపం పెట్టింది. ఎందుకమ్మా అంటే, చెప్పుకోడానికి ఎవరో ఒకరు ఉండాలి కదే అంది. మీ మామ్మ అన్న మాట నాకూ తప్పుగానే అనిపించింది. కానీ అన్ని నమ్మకాలూ ఆ మాటలాంటివే అనుకోవద్దు. మా అమ్మది రక్షించినందుకు చెల్లించే లెక్క కాదు.

నువ్వు మొయ్యి అనే అంటాను. మీ నాన్న భుజానికి బదులు నీ భుజం పెట్టాల్సిన సమయం ఇది, వాదించాల్సిన సమయం కాదు.

రిటైర్డ్_లెక్చరర్_కాకినాడ:

అమ్మా, మీ అమ్మగారి దీపం ముందు నేను వాదించలేను. కానీ వాదించొద్దు అనడం దగ్గరే నాకు మీతో పేచీ. ఇళ్ళలో ఈ మాట రానివ్వకే ఇలాంటి పిల్లలు రాత్రిపూట ముఖం తెలియనివాళ్ళని అడుగుతున్నారు.

రాజోలు_టు_లీడ్స్:

బ్రదర్, నేను రాజోలు వాణ్ణి, ఇంగ్లండ్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. నరసాపురం, పాలకొల్లు వైపు 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు వచ్చి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ గురించి మా తాతయ్య కథలుగా చెప్పేవారు. వాళ్ళు బయల్దేరి వచ్చిన ఆ దేశంలోనే ఇప్పుడు నేను ఆదివారం చర్చికి వెళ్తే ముందు వరసలో నలుగురు ముసలివాళ్ళు, వెనక మలయాళీలు, ఆఫ్రికా వాళ్ళు, మేము. మా వీధి చివర చర్చిని ఫ్లాట్లుగా మార్చేశారు, రంగు అద్దాల కిటికీ మాత్రం అలాగే ఉంది, దాని వెనక ఎవరిదో వంటిల్లు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో ఏ మతమూ లేదన్నవాళ్ళు నూటికి 37.2. పదేళ్ళ ముందు 25.2 ఉండేది. క్రైస్తవులమన్నవాళ్ళు మొదటిసారి సగం కంటే కిందికి, 46.2కి దిగారు.

అక్కడ దీనికోసం ఎవరూ గొడవపడలేదు. మా పక్కింటి పెద్దాయన్ని అడిగితే, మా అమ్మ వెళ్ళేది, నేను పండక్కి వెళ్ళేవాణ్ణి, నా కొడుక్కి దారే తెలియదు అన్నాడు. జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ముసలితనానికి పెన్షన్ ఉంది, ఆ ధీమా ఒక కారణం అనుకుంటాను. మన దగ్గర అది లేదు, అందుకే వాడపల్లి నిండుతోంది, మా ఊళ్ళో ఉపవాస ప్రార్థనలు కూడా నిండుతున్నాయి.

ఇంకో మాట చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. ఊరి పని, ఊరి భుజం అని అందరూ ఇష్టంగా అంటున్నారు. మా ముత్తాతకి ఊళ్ళో గుడి మెట్టు ఎక్కే హక్కు లేదు. ఆయన యేసయ్య దగ్గరికి వెళ్ళింది తత్వం చదివి కాదు, అక్కడ చాప మీద అందరి పక్కన కూర్చోనిచ్చారు కాబట్టి. నమ్మకం అంటే మా ఇంట్లో మొదటి అర్థం ఆ చాప. అందుకే నీ ప్రశ్న చదివితే నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. నమ్మకం లేని నీకు పిలిచి చోటిస్తున్న ఆ కర్ర కింద, నమ్మకం ఉన్నా ఇన్నాళ్ళు చోటు దొరకనివాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా? నాకు తెలియక అడుగుతున్నాను. నువ్వు మొయ్యి, మొయ్యకపో, ఆ సంగతి మాత్రం ఒకసారి చూడు.

కౌశిక_ఒడ్డు:

అందరికీ థాంక్స్ అండి. లీడ్స్ అన్న అడిగింది మూడు రోజులుగా బుర్రలోంచి పోవట్లేదు. చిన్నప్పటి నుంచి ప్రభ చూస్తున్నాను గానీ కర్ర కింద ఎవరున్నారు, ఎవరు లేరు అని ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఈసారి నాన్నని అడుగుతాను.

మాస్టారు చెప్పినట్టే నిన్న రాత్రి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. వెనక టీవీ శబ్దం వినిపిస్తోంది, ఎవరో దాన్ని ఆపారు. తర్వాత అన్నారు, "అయితే భుజం పెట్టకు. దీక్ష లేనోడు కర్ర కింద ఉండకూడదు." కోపంగా అనలేదండి, అదే ఎక్కువ బాధేసింది. ఆడపడుచు అక్క చెప్పింది వినాల్సిందేమో అనుకున్నాను. అమ్మ ఫోన్ తీసుకుని మామ్మకి మాత్రం చెప్పకు అంది.

ఇవాళ పొద్దున్నే ఆయనే చేశారు. ఆయన చోటులో మా బాబాయి కొడుకు పడతాడట. "నువ్వు తాడు పట్టుకో, తాడు ఎవరైనా పట్టుకోవచ్చు" అన్నారు. ప్రభ ఒరిగిపోకుండా నాలుగు వైపులా లాగి పట్టే తాళ్ళు అవి. నాది వెనక ఎడమ వైపట. కాలవ దిగేచోట ఒడ్డు జారుతుంది, చెప్పులు ఇంటి దగ్గరే వదిలేసి రా, తాడు మణికట్టుకి చుట్టుకోకు, వదలాల్సి వస్తే రాదు అని రెండుసార్లు చెప్పారు. పన్నెండో తారీకు రాత్రి బస్సుకి టికెట్ బుక్ చేశాను.