ఏడాదిన్నర నాటు పోనీకి ఉలవలు పెట్టాల్నా వద్దా?

ధర్మవరం_పిల్లోడు: అన్నలూ, మా నాయన ఒక నాటు పోనీ (పొట్టి జాతి గుర్రం) పిల్లని తెచ్చినాడు, ఏడాదిన్నర వయసు, 130 కేజీల దాకా ఉంటాదేమో. పగలు గట్ల మీద మేస్తాది, రాత్రికి శెనక్కాయ కట్టె వేస్తాం. రెండు పూటలా నానబెట్టిన ఉలవలు పెట్టకపోతే అది గాడిదలెక్క మిగిలిపోతాది అని మా మామ, ఉలవలు వేడి, లేతదానికి పెడితే కాళ్లు పోతాయని పక్కింటాయన. ఎవరి మాట వినాల?

ఆదోని_జట్కా: ఇదేం ప్రశ్న అబ్బీ. మా తాత జట్కా తోలినన్నాళ్లూ ఉలవలు, తవుడే పెట్టినాడు, గుర్రం నిగనిగలాడతా ఉండేది.

ప్రొద్దుటూరు_వెటర్నరీ: అన్నా, మీ తాత గుర్రం పొద్దస్తమానం బండి లాగింది, తిన్నదంతా ఆడనే కరిగిపోయింది. ఈ పిల్ల ఏం పని చేస్తాంది చెప్పు? నాటు రకాలు ఎండుగడ్డి మీదే బతకడానికి అలవాటు పడినవి, దానికి రోజూ గింజలు దండిగా పోస్తే చిన్న పేగులో అరగనిదంతా వెనకపేగుకి పోయి పులుస్తాది, అప్పుడే గిట్టల్లో వాపు వచ్చి అడుగు తీసి అడుగు వేయలేదు. పక్కింటాయన చెప్పే 'వేడి' అదే అనుకుంటా, తప్పు ఉలవలది కాదు, కొలతది. అసలు దోషి తవుడు. దాంట్లో కాల్షియం కంటే భాస్వరం పది రెట్లకి పైనే, ఎదిగే వయసులో అదే పనిగా పెడితే ఎముకల్లోని కాల్షియం లాగేసుకుని దవడలు, మొహం ఉబ్బుతాయి. ఒకప్పుడు పిండిమరలోళ్ల గుర్రాలకి ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది, ఆడ తవుడు ఊరికే దొరికేది గదా.

కడప_అక్క: మరి సూపర్ నేపియర్ పచ్చగడ్డి వేస్తే? మా బర్రెలకి అదే.

ప్రొద్దుటూరు_వెటర్నరీ: బర్రెలకి ఓకే అక్కా, గుర్రానికి అదొక్కటే వద్దు, దాంట్లో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియంని ఒంటికి పట్టనీకుండా పట్టేసుకుంటాది. లేత జొన్న కూడా వద్దు, విషం. లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత) దొరికితే కొంచెం కలుపు.

తాడిపత్రి_రైతు: మేము ఆవుల దాణానే గుర్రానికీ పోస్తాం, ఏం కాలేదే!

ప్రొద్దుటూరు_వెటర్నరీ: ఆపు సామీ ముందు. కొన్ని దాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు, ఆవు తట్టుకుంటాది, గుర్రానికి కొంచమైనా గుండె దెబ్బతింటాది. సంచి మీద రాసిందీ రాయందీ నువ్వు చూస్తావా?

ఆదోని_జట్కా: ఇట్లయితే పిల్ల గాలి తిని బతకాల్నా ఏంది. మీ కాలేజీలో గుర్రాన్ని చూసినారా అసలు?

ప్రొద్దుటూరు_వెటర్నరీ: చూసినాం లే అన్నా 😄 శెనక్కాయ కట్టె మంచిదే, ఆకు దండిగా ఉంటే కాల్షియం కూడా వస్తాది, కానీ వేర్లకి పట్టిన ఎర్రమట్టి దులపకుండా వేస్తే ఇసక పేగులో పేరుకుని కడుపునొప్పి. వానకి తడిసి నల్లబడిందైతే అసలొద్దు. ఎండుమేత రోజుకి మూడు కేజీలు, కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు, పక్కన ఉప్పుగడ్డ, నీళ్లు ఎప్పుడూ. ఉలవలు నానబెట్టి లేదా ఉడకబెట్టి పావుకిలో, అదీ పిల్ల మరీ బక్కగా ఉంటేనే.

ధర్మవరం_పిల్లోడు: బక్కదో కాదో ఎట్ల తెలుస్తాది?

ప్రొద్దుటూరు_వెటర్నరీ: పక్కటెముకల మీద చెయ్యి ఆడించు, తగలాల, కానీ దూరం నుంచి కనపడకూడదు. పొట్ట పెద్దదిగా ఉందని లావైందనుకోవద్దు, నట్టలు (కడుపులో పురుగులు) కావచ్చు, పేడ టెస్ట్ చేయించు.

ఆదోని_జట్కా: సరేలే, తవుడు వదిలేస్తా, ఉలవల సంగతి మాత్రం నేను ఒప్పుకోను. అబ్బీ, ముందు పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టు, చూసి మాట్లాడుకుందాం.