అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్తే 12 పాయింట్లతో పోతుందా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని మన ఫుట్‌బాల్ క్లబ్‌లో జీతాలు మళ్లీ ఆలస్యం. పన్ను బాకీ మీద వైండింగ్-అప్ పిటిషన్ (కంపెనీని మూసేయమని కోర్టులో వేసేది) కూడా పడింది. కొనేవాళ్లు ఉన్నారంటున్నారు. అడ్మినిస్ట్రేషన్‌కి, అంటే అప్పులు తీర్చలేక క్లబ్ బయటి నిర్వాహకుల చేతికి వెళ్లకముందే అమ్మేస్తే మేలా?

జవాబు 1: ఈఎఫ్ఎల్‌లో (ప్రీమియర్ లీగ్ కింది మూడు డివిజన్లు) అయితే లీగ్ పట్టికలో 12 పాయింట్లు వెంటనే పోతాయి. అక్కడితో ఆగదండి. బయటపడాలంటే ఆటగాళ్ల జీతాలు, ఇతర క్లబ్బులకివ్వాల్సిన ట్రాన్స్‌ఫర్ (ఆటగాళ్ల కొనుగోలు) వాయిదాలు పూర్తిగా కట్టాలి. తాకట్టు లేని అప్పులవాళ్లకు పౌండుకి కనీసం 25 పెన్స్, మూడేళ్లలో తీరిస్తే 35 ఇవ్వాలి. లేదంటే ఇంకో 15 పాయింట్లు గల్లంతు. పైగా 2020 డిసెంబరు నుంచి వ్యాట్, జీతాల్లో కోసిన పన్ను బాకీలు మామూలు అప్పులకంటే ముందు తీర్చాలి. ఆ బాకీ పెరిగేకొద్దీ కొనేవాడు వెనకాడతాడు.

జవాబు 2: నన్నడిగితే స్టేడియం ఎవరి పేరున ఉందన్నదే అసలు సంగతి. డర్బీ కౌంటీ 2021లో అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు దాని స్టేడియం ప్రైడ్ పార్క్ పాత యజమానికి చెందిన వేరే కంపెనీ చేతిలో ఉంది. బేరాలు సాగి సాగి, 2022లో స్థానిక వ్యాపారి డేవిడ్ క్లోస్ క్లబ్, స్టేడియం రెండూ కొన్నాకే క్లబ్ గట్టెక్కింది. అప్పటికి 21 పాయింట్లు పోయి మూడో అంచె అయిన లీగ్ వన్‌కి పడిపోయింది.

జవాబు 3: అలాగని ఎవరికి పడితే వాళ్లకి అమ్మమనకండి బ్రదర్. బరీ క్లబ్ 2018 డిసెంబరులో ఒక్క పౌండుకి చేతులు మారింది, 2019 ఆగస్టులో లీగ్ నుంచే వెళ్లగొట్టారు. కంపెనీస్ హౌస్ (బ్రిటన్ ప్రభుత్వ కంపెనీల రిజిస్టర్) సైట్‌లో క్లబ్ పేరు కొట్టి ‘ఛార్జెస్’ చూడండి, ఉచితమే. ఏ ఆస్తి ఎవరి దగ్గర తాకట్టులో ఉందో అక్కడే తెలుస్తుంది.