తపస్సు కాలంలో (ఈస్టర్ ముందు నలభై రోజుల్లో) లాటిన్ పాటలు మన గుళ్లో పాడాలా, వద్దా?

కోనసీమ క్వయర్:
శుక్రవారం సిలువ మార్గంలో, అంటే యేసు శ్రమల్ని పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి ధ్యానించేటప్పుడు, స్థలానికో చరణం చొప్పున 'స్తాబాత్ మాతెర్' (సిలువ చెంత మరియతల్లి దుఃఖం మీద పాత పాట) లాటిన్‌లోనే పాడదామని మా క్వయర్‌లో అడిగానండి. సగం మంది సరేనన్నారు. మిగతావాళ్లు "అర్థం కాని పాటతో ధ్యానం ఏంటి?" అన్నారు. మీరేమంటారు?

పాలకొల్లు తమ్ముడు:
వద్దండి. 1963లో రెండో వాటికన్ మహాసభ, అంటే కతోలిక బిషప్పుల సభ, పూజలో జనం భాషకు దారి తెరిచింది. అంతకుముందు లాటిన్‌లో పూజ జరుగుతుంటే మా మామ్మ జపమాల తిప్పుకుంటూ కూర్చునేదట. తెలుగులో మొదటిసారి పూజ విన్నరోజు ఏడ్చేసిందట. పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకుంటే గుమ్మం బయట నిలబడ్డవాళ్లు కూడా గొంతు కలుపుతారు. దాన్ని వదులుకుని ఇదెందుకు?

కోనసీమ క్వయర్:
మామ్మగారి కన్నీళ్లను కాదననండి. కానీ గ్రెగోరియన్ గానానికి, అంటే ఆ పాత లాటిన్ గానానికి, ప్రధాన స్థానం ఇవ్వమన్నదీ అదే మహాసభ.
నా పట్టుదలంతా ఒక్క మాట మీద. 'స్తాబాత్' అంటే 'నిలబడి ఉంది'. మనం క్రియను వాక్యం చివర పెడతాం, ఆ పాట క్రియతోనే మొదలవుతుంది. తల్లి అనే మాట కూడా ఆ తర్వాతే. నేను పాడుతూ పెరిగిన పాటల్లో మరియతల్లి ఏడుస్తూనే ఉండేది. ఇందులోనూ కన్నీళ్లున్నాయి, కానీ ముందు నిలబడింది. పోయినేడు మా వీధిలో చేతికందొచ్చిన కొడుకు పోయాడు. అరుగు మీద కూలబడిన ఆ తల్లిని ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు. నిలబడడం ఎంత కష్టమో ఆరోజు చూశాను. అప్పట్నుంచి ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నానండి.

నరసాపురం టీచరమ్మ:
అమ్మాయ్, ఈ గొడవ కొత్తదేం కాదు. పదహారో శతాబ్దపు ట్రెంట్ మహాసభ తర్వాత ఈ 'స్తాబాత్ మాతెర్'ను పూజలోంచి తీసేశారు, 1727లో పదమూడో బెనెడిక్ట్ పోపుగారు మళ్లీ చేర్చారు. నాకైతే 'వెక్సిల్లా రేజిస్' అనే ఇంకో లాటిన్ పాట ఇంకా ఇష్టం. 569లో ఫ్రాన్స్‌లోని పోయిటియెర్ పట్టణానికి యేసు సిలువ మ్రాను ముక్క వస్తుంటే ఊరేగింపు కోసం ఫోర్టునాటుస్ అనే కవి రాశాడు. రాజుగారి జెండాలు కదులుతున్నాయంటాడు, దేవుడు మ్రాను మీద నుంచే ఏలాడంటాడు. శ్రమల్ని ఓటమిగా చూడనివ్వదు ఆ పాట. ఏది పాడినా తబలా ఆపెయ్యండి. ఆ రాగానికి దరువు పనికిరాదు.

పాలకొల్లు తమ్ముడు:
ఆ 'నిలబడి ఉంది' సంగతి నాకెవరూ చెప్పలేదండి. అయినా నా మాట మారదు. యేసు సిలువ మీద మరణించే పన్నెండో స్థలం దగ్గర ఒక్క చరణం పాడండి, ముందు తెలుగులో చదివి. మిగతా పదమూడింటి దగ్గరా తెలుగే ఉండనివ్వండి.